కీర్తన పాడే ముందు దాని చరిత్ర చెప్పాలా, వద్దా?

దేవరకొండ తమ్ముడు: మా సంఘంలో యూత్ వాళ్లు ఈ మధ్య ఆదివారం ఆరాధనలో పాటకు ముందు దాని నేపథ్యం చెబుతున్నారు. పెద్దలేమో ఆపమంటున్నారు. పోయిన వారం 'అమేజింగ్ గ్రేస్' తెలుగులో పాడాం. రాసిన జాన్ న్యూటన్ బానిసల ఓడలు నడిపిన మనిషని తెలిశాక పాడుతుంటే నాకు గొంతు పూడుకుపోయింది. చెప్పడమే మంచిదని నా మాట.

జడ్చర్ల పెద్దన్న: ఆరాధన దేవునికి తమ్ముడూ. రాసినవాళ్ల జీవితాలు సండే స్కూల్లో చెప్పుకోండి. తుఫానులో ఓడ మీద ఏడుస్తూ రాశాడని చెప్పే ఉంటారు, అది తప్పు. తుఫాను 1748లో. పాట మాత్రం ఇంగ్లాండులో ఓల్నీ అనే ఊళ్లో పాస్టరుగా ఉన్నప్పుడు, 1773 కొత్త సంవత్సరం ఆరాధన కోసం రాశాడు.

దేవరకొండ తమ్ముడు: ఓడ మీద రాశాడని నేనెక్కడన్నానన్నా? మనసు మారింది ఆ తుఫానులోనే కదా.

జడ్చర్ల పెద్దన్న: మనసు మారినాక కూడా బానిసల ఓడలు నడిపాడు. ఆ వ్యాపారం తప్పని పుస్తకం అచ్చువేసింది 1788లో. ఇప్పుడు మనం పాడే బాణీ కూడా ఆయన కట్టింది కాదు, 1835లో అమెరికాలో ఆ మాటలకు జతచేశారు. ఇవన్నీ చెబుతారా? సగం చెప్పేకన్నా మానుకోవడం మేలు.

వనపర్తి: తేదీల పంచాయతీ ఎన్నిరోజులు నడుస్తదో!

నల్గొండ టీచరమ్మ: మన కీర్తనల సంగతి ఎవరూ ఎత్తరేం? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రీస్తును నమ్మి, తనకు తెలిసిన సంగీతంలోనే పల్లవి, చరణాలు కట్టారు. మా క్వైర్ పిల్లలు ఆ రాగం పేరు వైపు చూడను కూడా చూడరు. కీబోర్డులో ఏ బీట్ దొరికితే అది పెట్టి లాగేస్తారు. చరిత్ర తెలిస్తే అట్ల చేయరు.

నాగర్‌కర్నూల్ అక్క: ఓల్నీ అయింది, చౌదరి గారయ్యారు. మా అమ్మ సంగతి ఎవరు చెబుతారు? ఆమెకు చదువు రాదు. నాట్లు వేసేటప్పటి పాటల బాణీలో యేసు పుట్టుక అల్లి పాడేది, వాడంతా వంత పాడేది. ఒక క్రిస్మస్ రాత్రి గుడిలో మొదలుపెడితే "పుస్తకంలో లేని పాట వద్దు" అని క్వైర్ నడిపే పెద్దమనిషి అందరి ముందూ ఆపించాడు. అమ్మ మళ్లీ గుడిలో గొంతెత్తలేదు.

జడ్చర్ల పెద్దన్న: బాధే అక్కా. కానీ పుస్తకం ఉన్నది బోధ తప్పిపోకుండా. ఎవరికి తోచింది వాళ్లు పాడితే సంఘం ఏమవుతుంది?

నాగర్‌కర్నూల్ అక్క: బోధలో తప్పేంటని మా నాయన అప్పుడే అడిగిండు. జవాబు రాలేదు. ఆపింది బోధ కోసం కాదన్నా, ఆ బాణీ మా వాడదని.

జడ్చర్ల పెద్దన్న: పాటల చర్చలోకి కులం ఎందుకు తెస్తున్నారు? నేనూ క్వైర్ నడిపినవాణ్నే. నన్నూ అంటున్నట్టుంది!

నాగర్‌కర్నూల్ అక్క: కులం ఈ చర్చలో ముందునుంచీ ఉంది. 1890లో మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ దొర రష్యా నుంచి నల్గొండకు వచ్చి పనిచేసిండని చరిత్రలో రాసుకున్నాం. ఆ పల్లెల్లో ముందుగా నమ్మి, దెబ్బలు తిని, పాటలు కట్టినోళ్లు మాలమాదిగలు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? నేపథ్యం చెప్పాలా వద్దా అని మీరు కొట్లాడుతున్నారు. ఎవరి నేపథ్యమో అది తేల్చండి ముందు.

నల్గొండ టీచరమ్మ: అక్కా, చౌదరి గారిని తగ్గించకండి. అమ్మ పాట కూడా గుడిలో ఉండాల్సిందే.

దేవరకొండ తమ్ముడు: అమ్మ పాటలు ఎవరికన్నా వచ్చా అక్కా?

నాగర్‌కర్నూల్ అక్క: కొన్ని నాకు నోటికొచ్చు. మిగతావి మా చిన్నమ్మకు. ఫోన్‌లో రికార్డు చేస్తున్నా.

జడ్చర్ల పెద్దన్న: రాసి పెద్దలకు చూపించండి. వాక్యానికి సరిపోతే పాడుకోనిస్తారు.

నాగర్‌కర్నూల్ అక్క: పర్మిషన్ అడగనన్నా. ఈ క్రిస్మస్‌కు గుడిలోనే పాడతాం. తప్పుంటే బైబిల్ తీసి ఎక్కడో పెద్దలే చూపించాలి.