పాత కారులో పెట్రోల్ ముల్లును ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: అన్నలూ, మాది శ్రీకాకుళం, 2006 మోడల్ పెట్రోల్ కారు. ముల్లు ఇంకా పావు ట్యాంకు చూపిస్తుండగానే నిన్న రాత్రి చిలకపాలెం దగ్గర పెట్రోల్ అయిపోయి బండి ఆగింది, పిల్లలతో చాలా టెన్షన్ పడ్డాం. ఏం చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, ట్యాంకులో పెట్రోల్ మీద తేలే ఫ్లోట్‌కి ఉండే రెసిస్టర్ (ముల్లుకి వెళ్లే కరెంటును మార్చే భాగం) ఏళ్ల తరబడి అరిగి ముల్లు తప్పు చూపిస్తుంది. ఫుల్ ట్యాంకు కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చెయ్యి. మళ్లీ ఫుల్ చేసినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ తెలుస్తుంది, నేనైతే ఆ లెక్కనే నమ్ముతాను.

జవాబు: సాలూరు ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు అసలు చూడకండి, వాలులో పెట్రోల్ ఒక పక్కకు చేరుతుంది.

జవాబు: పావుకి తగ్గనివ్వొద్దు. ఇంజెక్షన్ బండ్లలో (పెట్రోల్‌ను పంపుతో ఇంజిన్‌లోకి చిమ్మేవి) ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే.