సమస్య: చచ్చినట్టివాఁడె చదువు నేర్పె

నిర్వాహకుడు: ఈ వారం పాదం "చచ్చినట్టివాఁడె చదువు నేర్పె". పొద్దున వంకాయలు తరుగుతుంటే తట్టింది. నచికేతుణ్ణి కాసేపు వదిలి కొత్త దారి పట్టండి.

ఓరుగల్లు పిల్లగాడు: ఇది మా హాస్టల్ ముచ్చట. 1998లో అన్నయ్య అమెరికా నుంచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ పెట్టె పంపాడు, ఊహలోనే వీరుడి వేషం కట్టి పాచికలతో ఆడే ఆట. పాచికలు దారిలోనే పోయాయి. ఆట తెలిసినవాడు మాలో ఒక్కడూ లేడు.

పెట్టె తెరచి చూడఁ బెద్దలెవ్వరు లేరు
నాదు వీరుడు అడుగు నాల్గు వేసి
గోతిఁ గూలె, నాకుఁ గోటి పుస్తకములై
చచ్చినట్టివాఁడె చదువు నేర్పె.

ఇరవై ముఖాల పాచిక లేక 20 చింతపిక్కలు గీకి, అంకెలు వేసి, చెంబులో కలిపి ఒకటి తీసేవాళ్లం. తీసింది మళ్లీ చెంబులోనే. నా వీరుడికి ప్రాణం 3. పదడుగుల గోతిలో పడితే ఆరు ముఖాల పాచిక ఒకటి వెయ్యాలి. లూడో పాచిక వేస్తే 5 పడింది. పోయాడు. "ముందు కర్రతో నేల తట్టి చూస్తా అనొచ్చుగా" అన్నాడు మా రూమ్మేట్. అట్లా ఏదైనా అనొచ్చని పుస్తకం రెండుసార్లు చదివినా నాకు తట్టలేదు.

యతిమైత్రి: ఆ చివరి మాట పద్యంలోకి రావాల్సింది. రెండో పాదంలో "వీరుడు అడుగు" విసంధి, పైగా ఒక లఘువు ఎక్కువైంది. "వీరుఁడడుగు" అనండి, గణం కుదురుతుంది.

ఓరుగల్లు పిల్లగాడు: దిద్దుకున్నా సార్. దండాలు.

మాడిసన్ మామయ్య: పిల్లగాడా, గొయ్యి బాగుంది. నేనుండేది ఆ ఆట పుట్టిన విస్కాన్సిన్‌లోనే. 1974లో లేక్ జెనీవాలో వేసిన మొదటి పెట్టెలో మూడు చిన్న పుస్తకాలుండేవి. 1971 నాటి చెయిన్‌మెయిల్ యుద్ధనియమాలు కొనేవాడి దగ్గర ఉంటాయనుకుని రాశారు. కొత్తవాడికి అవి కొరుకుడు పడేవి కావు. గురువు లేనివాడికి పుస్తకమే గురువైంది 1983లో అదే ఆటకు వచ్చిన ఎర్రపెట్టెతో. నా పూరణ:

ఎఱ్ఱపెట్టెలోన నేకాకి యాటలో
తోడు వచ్చి యొక్క దొడ్డ సాధ్వి
మంత్రగాని చేత మరణించె, మనసార
చచ్చినట్టివాఁడె చదువు నేర్పె.

ఆమె పేరు అలీనా, పూజారిణి. చదివేవాడే వీరుడు. దెబ్బ తగిలితే ఏం లెక్కెయ్యాలో, మంత్రమంటే ఏమిటో పక్కన కూర్చుని చెబుతుంది. కాసేపటికే బార్గిల్ అనే మాంత్రికుడు మెరిసే బాణంతో చంపేస్తాడు. పెట్టెలో పాచికలతో పాటు ఒక క్రేయాన్ ఉండేది. అంకెల గాట్లలో రుద్ది తుడిస్తే అంకె పైకి తేలేది. ఆ పని చేస్తూనే ఏడ్చాను.

యతిమైత్రి: గుండె పట్టేసింది, నిజం. కానీ మామయ్యగారూ, సాధ్వి "వాఁడె" ఎలా అవుతుంది?

గోదారిగట్టు: అసలు సాధ్వి అంటే పతివ్రత కదండీ, పూజారిణికి నప్పుతుందా?

మాడిసన్ మామయ్య: సాధువుకు స్త్రీలింగం సాధ్వి, అది నిలుస్తుంది. "వాఁడె" మాత్రం నా తప్పే. మూడో పాదం మారుస్తున్నాను:

మంత్రగాని చేత మరణించె నామెయే;
చచ్చినట్టివాఁడె చదువు నేర్పె?

గోదారిగట్టు: అబ్బ! చచ్చింది ఆమె, నేర్పిందీ ఆమే, "వాడా నేర్పింది?" అని ఎదురడగడం! దోషమే చమత్కారమైపోయింది.

యతిమైత్రి: ఉగాది సమస్యలోనూ మీరు ప్రశ్నార్థకంతోనే గట్టెక్కారు. రావణుడి పూరణ నేను మర్చిపోలేదు.

మాడిసన్ మామయ్య: అప్పుడు తప్పించుకోవడానికి అడిగాను, ఒప్పుకుంటాను. ఇక్కడ ప్రశ్న తీసేస్తే పద్యమే లేదు.

యతిమైత్రి: ఆ ఒప్పుకోలు కోసమే ఆరు నెలలు ఆగాను. ఈ పూరణకు నా ఓటు మీకే.

నిర్వాహకుడు: ఒక ముచ్చట. ఫీనిక్స్‌లో కెన్ సెయింట్ ఆండ్రే మిత్రుడి దగ్గర ఆ మొదటి నియమాలు చదివి, ఊహ నచ్చి, పద్ధతి నచ్చక, మామూలు ఆరు ముఖాల పాచికలతో 1975లో సొంతంగా టనెల్స్ అండ్ ట్రోల్స్ రాసుకున్నాడు. మరుసటి ఏడే దానికి ఒంటరిగా ఆడుకునే పుస్తకం బఫెలో కాసిల్ వచ్చింది. దీని మీద ఎవరైనా పూరిస్తారా?

ఓరుగల్లు పిల్లగాడు: నేను రాస్తా సార్, ఈసారి గణాలు చూసుకునే. మామయ్యా, ఆ క్రేయాన్ ఏ రంగు?