చలి దేశపు చెరువులో చేపలు 26 డిగ్రీలకే ఎందుకు చచ్చిపోతున్నాయి?

కట్టకింది ఇల్లు (ధర్మసాగర్)

అందరికీ నమస్కారం. మా బాపు నలభై ఏళ్లుగా చెరువులో వల వేస్తున్నాడు. నేను హన్మకొండలో మెడికల్ షాపులో పని చేస్తూ ఆదివారాలు ఆయనతో తెప్ప ఎక్కుతాను. తమ్ముడు అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటాడు.

పోయిన ఆగస్టులో తమ్ముడు వీడియో కాల్‌లో వాళ్ల ఇంటి దగ్గరి చెరువు చూపించాడు. ఒడ్డు పొడుగునా వెండి రంగు చేపలు, ఒక్కోటి జానెడున్నర ఉంటుంది, అన్నీ చచ్చి పడి ఉన్నాయి. తులిబీలట. నీళ్లు వేడెక్కి చచ్చిపోయాయన్నాడు. ఎంత వేడి అంటే 26 డిగ్రీలన్నాడు. బాపు పక్కనే ఉండి విని, "ఇరవై ఆరా? అవి మనకు కార్తీక స్నానాల నీళ్లు కదరా" అన్నాడు.

మే నెల మధ్యాహ్నం మా చెరువులో చెయ్యి పెడితే పై నీళ్లు కాగబెట్టినట్టే ఉంటాయి. అయినా బొచ్చెలు, రవ్వలు బతుకుతూనే ఉన్నాయి. మా దగ్గర చేపలు పోయేది వేరే రకంగా. ముసురు పట్టి గాలి ఆడని రాత్రి గడిచాక, తెల్లవారుజామున నోళ్లు పైకి పెట్టి ఎగపోస్తుంటాయి. రెండేళ్ల కింద అలా ఒక్క రాత్రిలో సగం పంట పోయింది. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు, ఇంట్లో అందరికీ టెన్షన్.

నా ప్రశ్న ఇది. మంచులో బతికే చేపకు కాస్త వెచ్చదనం దొరికితే మంచిదే కదా? మేత కూడా పెరగాలి కదా? మరి ఎందుకు చస్తున్నాయి?

జువాలజీ మేడమ్ (హన్మకొండ)

తమ్ముడూ, మీ బాపు తెల్లవారుజామున చూసేది, మీ తమ్ముడు ఆగస్టులో చూసింది దాదాపు ఒకే జబ్బు. ఊపిరి అందకపోవడం. డిగ్రీ కాలేజీలో 27 ఏళ్లు పాఠం చెప్పాను, ఈ ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన విద్యార్థి నాకు తగలలేదు.

నీళ్లు చల్లగా ఉంటే ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. 0 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 14.6 మిల్లీగ్రాముల దాకా పడుతుంది, 20 దగ్గర 9, 30 దగ్గర 7.5. నీళ్లు వేడెక్కే కొద్దీ చేప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్లలో చూస్తే తక్కువ ఉంటుంది. మన బొచ్చెల ఒళ్లు ఆ తక్కువకు అలవాటు పడింది. కొర్రమీను సంగతి వేరు, అది పైకొచ్చి గాలినే మింగి బతుకుతుంది. తులిబీ సాల్మన్ కుటుంబపు చేప, చల్లని నీళ్లకే పుట్టింది. నీళ్లు 20 దాటితే దానికి కష్టం మొదలవుతుంది.

అయితే లోతుకు దిగొచ్చు కదా అంటారు. దిగుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

నీళ్లు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. అందుకే చలికాలంలో నీళ్లు పైనుంచే గడ్డకడతాయి, 4 డిగ్రీల నీళ్లు అడుగున ఉంటాయి. వసంతంలో మంచు కరిగి పై నీళ్లు కూడా 4కు వస్తే అంతా ఒకే బరువు. అప్పుడు గాలి వీస్తే సరస్సు మొత్తం కలియబడుతుంది, ఆక్సిజన్ అడుగు దాకా చేరుతుంది. ఎండలు పెరగగానే వెచ్చని తేలిక నీళ్లు పైన మూతలా నిలబడతాయి. మళ్లీ ఆకురాలే కాలం దాకా అడుగు నీళ్లకు కొత్త గాలి అందదు. ఆ నెలలన్నీ వసంతంలో నింపుకున్న దానితోనే గడవాలి.

వాతావరణం వేడెక్కడంతో మంచు ముందే కరుగుతోంది, మూత ముందే పడుతోంది, ఆలస్యంగా తీస్తోంది. పైన పెరిగిన నాచు చచ్చి అడుగుకు పడి కుళ్లుతుంది, ఆ కుళ్లుడు ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది. పైన వేడి, కింద ఊపిరి లేదు. తులిబీ ఆ రెంటి నడుమ ఇరుక్కుంటుంది. ఆ సందు మూసుకుపోయిన ఏడాది మీ తమ్ముడు చూసినట్టు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. సమశీతోష్ణ మండలంలోని 393 సరస్సుల కొలతలతో 2021లో ఒక పరిశోధన వచ్చింది. 1980 నుంచి పై నీళ్లలో ఆక్సిజన్ 5.5 శాతం, లోతు నీళ్లలో 18.6 శాతం తగ్గిందని తేల్చారు. లోతులో ఎక్కువ తగ్గిందనే మాట చదివి ఆ రోజంతా నాకు మనసు బాగాలేదు.

నర్సంపేట పిల్లాడు (ఇప్పుడు మిన్నెసోటా)

మేడమ్ చెప్పింది ఇక్కడ రోజూ కళ్లముందు కనబడుతోంది అన్నా. చిన్నప్పుడు పాకాల చెరువు తప్ప నేనేం చూడలేదు. ఇక్కడికి వచ్చిన మొదటి జనవరిలో జనం గడ్డకట్టిన సరస్సు మీద ట్రక్కులు నడుపుతుంటే భయపడ్డాను. మంచుకు బోరు వేసినట్టు రంధ్రం చేసి, చిన్న గుడిసెలో కూర్చుని గాలం వేస్తారు. నడవాలంటే కనీసం 4 అంగుళాల మంచు ఉండాలంటారు. 2023-24 చలికాలం ఈ రాష్ట్ర రికార్డుల్లోనే వెచ్చనిది, చాలా చోట్ల గుడిసెలు పెట్టలేకపోయారు.

తులిబీ పోతే దాన్ని తినే పెద్ద చేపలూ బక్కచిక్కుతాయి. మా పక్కింటి పెద్దాయన తులిబీలను పొగబెట్టి ఇచ్చేవాడు. రెండేళ్లుగా ఇవ్వడం లేదు, అడగడానికి నాకు నోరు రాలేదు.

కట్టకింది ఇల్లు (ధర్మసాగర్)

మేడమ్, రాత్రి అన్నం తిన్నాక బాపుకు మొత్తం చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగాడు. "మంచు మూత పడితే ఇంకా ఊపిరాడదు కదా? మరి మంచు తగ్గితే మేలే కదా?"

జువాలజీ మేడమ్ (హన్మకొండ)

బాపు అడిగింది నిజమే. లోతు తక్కువ ఉన్న సరస్సులో, గడ్డకట్టిన మంచు మీద రాలిన హిమం మందంగా పేరుకుని వెలుతురు లోపలికి పోకపోతే, చలికాలంలోనే చేపలు ఊపిరాడక చస్తాయి. అలాంటి చోట మంచు తగ్గడం చేపకు మేలే. కానీ రష్యాలోని బైకాల్ సరస్సు సంగతి చూడండి. 1642 మీటర్ల లోతు. అక్కడ మంచు అద్దంలా ఉంటుంది, వెలుతురు లోపలికి పోతుంది, ఆ మంచు కిందే డయాటమ్ అనే సూక్ష్మ నాచు పెరుగుతుంది. అక్కడి ఆహారం చాలావరకు దాని మీద నిలబడింది. బైకాల్ సీల్ అనే నీటి జంతువు మంచు మీద హిమంలో గూడు చేసుకుని ఈనుతుంది. మంచు ముందే కరిగితే పిల్లకు చాటు లేదు.

బైకాల్ గురించి ఇందులో చాలా మటుకు మనకు తెలిసింది ఒక ఇంటివాళ్ల వల్ల. మిఖాయిల్ కోజోవ్ అనే ప్రొఫెసర్ 1945లో వారం పది రోజులకోసారి పడవలో వెళ్లి, చలికాలం మంచు మీద నడిచి వెళ్లి, ఆ నీళ్లు కొలవడం మొదలుపెట్టాడు. తర్వాత కూతురు ఓల్గా, ఆ తర్వాత మనవరాలు ల్యుబోవ్ కొలిచారు. పై నీళ్లు 60 ఏళ్లలో 1.2 డిగ్రీలు వేడెక్కాయని ఆ లెక్కల్లోనే బయటపడింది.

కట్టకింది ఇల్లు (ధర్మసాగర్)

మేడమ్, మూడు తరాలు కొలిచారన్న మాట దగ్గర బాపు మళ్లీ చదవమన్నాడు. మా షాపులో ఉన్నవి జ్వరం చూసేవే, నీళ్లకు పనికొచ్చే థర్మామీటర్ ఏది కొనాలి? తూము దగ్గర లోతు ఎక్కువ, అక్కడ దించొచ్చా? ఏ పొద్దుకు?

జువాలజీ మేడమ్ (హన్మకొండ)

కాలేజీ ల్యాబుల్లో వాడే, 0 నుంచి 50 డిగ్రీల దాకా చూపేది తీసుకోండి. దాన్ని వెడల్పు మూతి సీసాలో పెట్టి అడుగున రాయి కట్టండి. మూతికి బిరడా, బిరడాకు వేరే తాడు. తాడుకు మూరకో ముడి వేస్తే లోతు తెలుస్తుంది. అనుకున్న లోతుకు దించాక బిరడా గుంజి, ఐదు నిమిషాలు ఆగి, పైకి లాగగానే చూడాలి. తెల్లవారక ముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. తూము తెరిచి ఉన్న రోజు మాత్రం అక్కడికి తెప్ప తీసుకుపోవద్దు. మొదటి నెల అంకెలు ఇక్కడే పెట్టండి, చూస్తాను.