అప్‌డేట్: రికార్డు లేబుల్ మీది 'ఫోర్డ్' ఎవరో తేలింది

బ్రిన్స్‌లీ స్వార్జ్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండు 1972 ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) 'సిల్వర్ పిస్టల్'లో 'జు జు మ్యాన్', 'నికీ హోకీ స్పీడ్‌వే' మిగతా పాటల్లా లేవు, రాసింది 'ఫోర్డ్' అని లేబుల్ మీద ఉంది, ఆ ఫోర్డ్ ఎవరని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"అమెరికన్ గాయకుడు బాబీ వొమాక్ పాడిన 'హ్యారీ హిప్పీ' రాసిందెవరో చూడు" అన్న సలహాతో చిక్కుముడి వీడింది. ఆ ఫోర్డ్ జిమ్ ఫోర్డ్, అమెరికాలోని కెంటకీ మనిషి. 1969లో 'హార్లన్ కౌంటీ' ఎల్పీ వేశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1971లో లండన్ వచ్చి ఇదే బ్యాండుతో రికార్డింగ్‌కి కూర్చున్నాడు గానీ పొసగలేదు. మనిషి వెళ్లిపోయాడు, పాటలు వీళ్ల దగ్గర ఉండిపోయాయి! 1978లో ఈ బ్యాండు పాత సభ్యుడు నిక్ లో పాడిన '36 ఇంచెస్ హై' కూడా ఈయనదే. మాటలు కంట్రీ (అమెరికా పల్లె సంగీతం), నడక సోల్ (అమెరికా నల్లజాతి వాళ్ల సంగీతం). పబ్ రాక్‌లో (ఈ బ్యాండులాంటి వాళ్లు ఇంగ్లండ్ పబ్బుల్లో వాయించిన సాదా రాక్) నాకు నచ్చే ఆ తూగు ఎక్కడిదో ఇప్పుడు అర్థమైంది.

ఆ ఫోర్డ్ అంటే ఫ్రాంకీ ఫోర్డ్ (ఇంకో అమెరికన్ గాయకుడు) అనుకోవడం నా పొరపాటు. ప్లేయర్ సూది అరిగి ఆ పాటలు వేరుగా వినిపిస్తున్నాయేమోనని కొత్తది వేశాను, అదీ దండగే. జిమ్ ఫోర్డ్ పాటలు వెతికేవాళ్లకి: 2007లో బేర్ ఫ్యామిలీ అనే జర్మన్ రికార్డు కంపెనీ వేసిన 'ది సౌండ్స్ ఆఫ్ అవర్ టైమ్' సీడీతో మొదలుపెట్టండి.