అప్‌డేట్: రాత్రి చదువు, కారప్పూస డబ్బా

మూడు వారాల క్రితం అడిగాను కదా, పగలు ఉద్యోగం, రాత్రి గ్రూప్-2 చదువు, పుస్తకం తెరిస్తే చెయ్యి కారప్పూస డబ్బాలోకి పోతోందని. "మధ్యాహ్నం నుంచి ఏం తింటున్నావో రాసుకో" అని ఒకరన్నారు. రాస్తే తెలిసింది: ఒంటిగంటకి అన్నం, తర్వాత నాలుగు టీలు, మళ్లీ రాత్రి పదింటికే భోజనం. నేను టెన్షన్ అనుకున్నదాంట్లో సగం ఉత్త ఆకలే!

ఇప్పుడు ఇంటికి రాగానే గుప్పెడు శనగ గుగ్గిళ్లు, ఎనిమిదిన్నరకి భోజనం. ఏడు దాటితే టీ లేదు. డబ్బాని అమ్మ అటక మీద పెట్టేసింది. స్టూలేసుకుని ఎక్కాలి, అది చప్పుడు చేస్తుంది, "ఏంట్రా?" అని లోపల్నుంచి కేక. సిగ్గుతోనే సగం మానేశా.

మిగతా సగం మాత్రం నిజంగా టెన్షనే. పేపర్-3 ఎకానమీ లెక్కలు తీస్తే చాలు, నోరు ఏదో ఒకటి అడుగుతుంది. అప్పుడు లేచి బాల్కనీలో నాలుగడుగులు వేస్తున్నా. మొన్న మాక్ టెస్టులో 150కి 61 వచ్చిన రాత్రి మాత్రం స్టూలెక్కాను. చప్పుడైనా సరే.