పెళ్ళి వంటల పనికి ఫోన్‌లో లిస్టు చాలదా? పుస్తకం ఇంకా ఎందుకు?

పర్లాకిమిడి అమ్మాయి:
మాది పర్లాకిమిడిలో పెళ్ళిళ్ళకి వంటలు చేసే పని. మాఘమాసం వచ్చిందంటే ఒకే వారంలో మూడు నాలుగు చోట్ల వంట ఉంటుంది. కిరాణా సరుకు పాతపట్నం నుంచి, కూరగాయలు ఇక్కడి మార్కెట్ నుంచి, అడ్డాకుల విస్తర్లు సంత నుంచి రావాలి. నేను ఇవన్నీ ఫోన్‌లో నోట్లు రాసుకునే గూగుల్ కీప్ యాప్‌లో పెడతాను. పెళ్ళికో నోటు, దానికో రంగు, లోపల టిక్కు పెట్టుకునే లిస్టు. అదే నోటు తమ్ముడికీ షేర్ చేస్తాను. వాడు పాతపట్నంలో నూనె డబ్బాలు ఆటోలో ఎక్కించి టిక్కు పెట్టగానే నా ఫోన్‌లో ఆ లైను కిందికి దిగిపోతుంది. ఇంక ఫోన్ చేసి అడగక్కర్లేదు.

నాన్నగారు మాత్రం పుస్తకం మానడానికి ఒప్పుకోవడం లేదు. రెండు చోట్లా రాస్తే ఏది సరైనదో ఎవరికీ తెలీదు. లిస్టు ఒక్కచోటే ఉండాలి, అది ఫోన్‌లోనే ఉండాలని నేనంటాను. మీరేమంటారు?

గుణుపురం మాస్టారు:
అమ్మా, నేను మీ నాన్నగారి వైపు. వండర్‌లిస్టు అని పనుల లిస్టు రాసుకునే ఒక యాప్ ఉండేది, చాలామందికి బాగా అలవాటైంది. 2015లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొంది, 2020 మే 6న మూసేసింది. వాడేవాళ్ళని తమ టు డూ యాప్‌కి మారమంది. నోట్లు రాసుకునే ఇంకో యాప్ ఎవర్‌నోట్ సంగతి చూడండి. 2023 డిసెంబరులో ఉచితంగా వాడేవాళ్ళకి 50 నోట్లు, ఒక్క నోటుబుక్కు అని హద్దు పెట్టింది. మన పని మన చేతుల్లో ఉండాలి గానీ ఎక్కడో కూర్చున్న కంపెనీ చేతుల్లోనా?

రాయగడ హార్డ్‌వేర్:
మాస్టారూ, మా దగ్గర టెన్షన్ వేరు. నేను తెలుగులో రాస్తాను, షాపులో కుర్రాడు ఒడియాలో రాస్తాడు. ఆర్డర్లేమో ఇంగ్లిష్ అక్షరాల్లో హిందీలో వస్తాయి. ముగ్గురిదీ ఒకే లిస్టు. నేను తెలుగులో వెతికితే నేను రాసినవే దొరుకుతాయి, కుర్రాడు రాసింది కళ్ళ ముందున్నా రాదు. అందుకని ప్రతి లైను ముందూ తేదీ, బిల్లు నంబరు అంకెల్లో వేయిస్తున్నాను. వెతకడం ఆ అంకెలతోనే. పేరు రాయడం కష్టమైన సామానుకి ఫోటో పెట్టేస్తాం. పుస్తకంలో ఈ వెసులుబాటు ఎక్కడిది?

బరంపురం:
ఫోనా, కాగితమా అన్నది కాదు, ఏం రాస్తున్నామన్నది చూడాలి. మసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో అచ్చువేసిన ప్రయోగాల్లో ఒక సంగతి తేలింది. సగంలో ఉన్న పని బుర్రలో మెదులుతూనే ఉంటుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ఖాయం చేసుకుంటే, పని ఇంకా పూర్తికాకపోయినా ఆ రొద తగ్గుతుంది. కాబట్టి "నూనె" అని ఒక్క ముక్క రాస్తే లాభం లేదు. "గురువారం పొద్దున్న, పాతపట్నం, తమ్ముడు, పది డబ్బాలు" అని ఉండాలి. నేను చూసిన లిస్టుల్లో సగం వట్టి సామాన్ల పేర్లే. అలా రాసేవాళ్ళకి ఏ యాప్ ఇచ్చినా ఒకటే.

గుణుపురం మాస్టారు:
అది ఒప్పుకుంటాను. మరి సిగ్నల్ సంగతి? కొండ ఊళ్ళలో పెళ్ళి వంటకి వెళ్తే ఫోన్ పనిచెయ్యదు. తమ్ముడు అక్కడ టిక్కు పెట్టాడు, మీకు కనపడలేదు, మీరు ఇంకో బస్తా పంపించారు. ఆ డబ్బు ఎవరిస్తారు? అడ్వాన్సు ఇచ్చిన పార్టీ సంతకం ఎక్కడ తీసుకుంటారు?

పర్లాకిమిడి అమ్మాయి:
మాస్టారూ, సిగ్నల్ లేకపోయినా కీప్‌లో రాసుకోవచ్చు, సిగ్నల్ దొరకగానే రెండు ఫోన్లూ కలుస్తాయి. ఆ మధ్యలో తేడా వస్తుందన్న మాట నిజమే. అందుకే కొండ ఊరి పెళ్ళికి కొనడమంతా ఒక్కరిదే అని ముందే అనుకుంటే చాలు. యాప్ మూతపడుతుందన్న భయానికి కూడా దారి ఉంది. గూగుల్‌లో మనం దాచుకున్నవి బయటికి తీసుకునే గూగుల్ టేక్అవుట్‌తో నోట్లన్నీ దించుకోవచ్చు. అబ్సిడియన్ లాంటి నోట్ల యాప్‌లైతే నోట్లని మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా మన ఫోన్‌లోనే ఉంచుతాయి.

సంతకం మాటకి మాత్రం ఎదురు చెప్పను. అడ్వాన్సు పేజీ పుస్తకంలోనే ఉండాలి, దాని ఫోటో నోటులో పెడతాను. సరుకు లిస్టు మాత్రం పుస్తకంలోకి తిరిగి వెళ్ళదు. మూడు పెళ్ళిళ్ళ సామాను మూడు పేజీలు తిప్పుకుంటూ ఎవరు చూస్తారు? బజారులో నిలబడ్డవాడి దగ్గర పుస్తకం ఉండదు, ఫోన్ ఉంటుంది.

పొయ్యి దగ్గర మనిషి:
వంట మాస్టారిగా ఒక మాట. మీరు ఎందులో రాసుకున్నా సరే, నా దగ్గరికి పొయ్యి వెలిగించే ముందే కాగితం రావాలి. పిండి చేతులతో, నూనె చేతులతో ఫోన్ ముట్టుకోలేను. ఎంతమందికి, ఏ వంటకం, ఏ బియ్యం, వడ్డన ఎన్నింటికి, ఈ నాలుగూ పెద్ద అక్షరాల్లో రాసి గుంజకి కట్టండి. మా కుర్రాళ్ళలో ఇద్దరికి ఒడియా తప్ప రాదు, వాళ్ళ కోసం పక్కనే ఒడియాలో కూడా రాయించండి.