లూప్‌ని "ఉచ్చు" అనొచ్చా?

మా మేనకోడలికి సెలవుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నాను. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే లూప్‌ని తెలుగులో ఏమంటారు మామయ్యా అని అడిగింది. నిఘంటువు తీస్తే "ఉచ్చు" కనిపించింది. కుందేలుకు పన్నేది ఉచ్చు, ప్రోగ్రాంలో దానికీ అదే మాటా? మింగుడు పడలేదు. "ఎక్కం అప్పజెప్పడమే లూప్" అన్నాను. రెండో ఎక్కంలో రెండు మారదు, పక్క అంకె ఒక్కొక్కటీ పెరుగుతుంది, పదితో ఆగుతుంది. చప్పున పట్టేసింది.

పేచీ లూప్‌కి అంకెలు వరసగా అందించే రేంజ్(1, 11) దగ్గర వచ్చింది. "1 నుంచి 11 వరకు" అన్నాను. "మరి పదకొండు ఏదీ?" అంది. "11 లోపు" అనాల్సిందేమో. ఏమంటారు?

జవాబు: "లోపు"తో జాగ్రత్తండీ. పదో తారీఖులోపు ఫీజు కట్టాలంటే పదో తారీఖున కట్టినా తీసుకుంటారు కదా! "11కి ముందే ఆగుతుంది" అనండి, గొడవుండదు. ఉచ్చుని మాత్రం పారేయకండి. షరతు నిలిచినంతసేపూ తిరిగేది వైల్ లూప్; ఆగే దారి మరిచిపోయిన వైల్ లూప్‌కి సరిగ్గా సరిపోతుంది. పడితే తనంతట తాను బయటికి రాదు, కీబోర్డు మీద కంట్రోల్-సీ కొట్టి లాగాల్సిందే.

జవాబు: తారీఖు సంగతి ఒప్పుకున్నానండీ. ఇంకో ముచ్చట. ఎక్కాన్ని ఫైల్లో రాయమంటే, లూప్ లోపలే 'డబ్ల్యూ' మోడ్‌లో (ఫైలు తెరిచే తీరుల్లో ఒకటి) ఫైలు తెరిచింది. చివరికి చూస్తే అందులో ఒక్కటే వరుస: 2 × 10 = 20. మిగతా తొమ్మిదీ మాయం. ఏడుపు ఒక్కటే తక్కువ. తప్పు నాదే, 'డబ్ల్యూ' అంటే "రాయడం" అని చెప్పి ఊరుకున్నాను. అది పలక. తెరిచిన ప్రతిసారీ పాతది తుడిచేస్తుంది. 'ఏ' మోడ్ నోటుబుక్కు, ఉన్నదాని కిందే రాస్తుంది. ఫైలుని లూప్‌కి ముందే ఒకసారి తెరిపించాక పది వరుసలూ వచ్చాయి.

జవాబు: అయితే "తుడిచి రాయడం", "చేర్చి రాయడం" అందాం. ఫైలుకి తెలుగు వికీపీడియాలో "దస్త్రం" అని వాడుతున్నారు. నాకైతే ఆ మాట వింటే గుడ్డలో కట్టిన కరణంగారి కాగితాలే గుర్తొస్తాయి. ఫైలు అంటే చాలు.

జవాబు: తెలుగు రాసే ఫైలైతే ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని కంప్యూటర్ దాచుకునే పద్ధతి) యూటీఎఫ్-8 అని ఇవ్వమనండి. అలాగే "అమ్మ" అనే మాటని, ఒక్కొక్కటిగా తీసుకునే ఫర్ లూప్‌లో తిప్పి, ఎన్ని అక్షరాలొస్తాయో ముందే చెప్పమనండి. రెండంటుంది. కంప్యూటర్ ఒత్తుని విడగొట్టి దాచుకుంటుంది కాబట్టి నాలుగొస్తాయి: అ, మ, పొల్లు, మళ్ళీ మ.